గోలా? ఫౌలా?

హాకీ జట్టులో పదిమంది పరుగెత్తుతారు, ఒక్కడు కాపలా కాస్తాడు. గెలిస్తే పేరు గోలు కొట్టినవాడిది, ఓడితే మాట గోల్‌కీపరుకు. అందులో వింత లేదు. అయితే మన అంతర కళాశాలల పోటీలలో ఆ కాపలాదారు ముందు ఏటా జరుగుతున్న తగాదాను గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పక తప్పదనిపించింది.

తగాదా ఎప్పుడూ ఒకే తీరు. పెనాల్టీ కార్నర్ కొడతారు. బంతి దూసుకొస్తుంది. ఎదుటి జట్టువాడొకడు గోల్‌కీపరు ముందుకు దూరతాడు. గోలు! "అడ్డమొచ్చినాడు సార్!" అని కీపరు కేక. "యాడ అడ్డమొచ్చినా? నేను నిలబడుంటే వాడే వచ్చి తగిలినాడు" అని వాడి జవాబు. అంపైరుగారు సెంటరు వైపు చెయ్యి చూపిస్తారు. అంతే, గ్రౌండు సంతయిపోతుంది.

నియమం ఏమంటుంది? బంతి ఆడబోయే ఆటగాణ్ణి, ఎదుటివాడు ముందుకు పరుగెత్తిగానీ దారి మూసిగానీ ఆపితే అది అబ్‌స్ట్రక్షన్. పెనాల్టీ కార్నర్ సమయంలో గోల్‌కీపరుకు కూడా ఇది వర్తిస్తుందని నియమావళి పేరుపెట్టి మరీ చెప్పింది. కాని కదలకుండా నిలబడినవాడిది దానంతటదే తప్పు కాదు. అంటే తీర్పంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: వాడు నిలబడి ఉన్నాడా, అడ్డం నడిచాడా? అది రెప్పపాటులో తేలాలి. పూర్వం ఆఫ్‌సైడ్ నియమం ఉన్నన్నాళ్లు ఎదుటివాడు కీపరు ముక్కు దగ్గర తిష్ఠ వేయడం అంత సులువు కాదు. 1990లలో దాన్ని ఎత్తివేశాక డి లోపల ఎవరైనా ఎక్కడైనా నిలబడవచ్చు. ఆట వేగం పెరిగింది, నిజమే. కీపరు కష్టమూ పెరిగింది.

పైగా మన కర్నూలు, కడప జిల్లాల నేల సంగతి వేరే చెప్పాలా? కృత్రిమ మైదానాన్ని నీళ్లతో తడిపి ఆడతారు. తాగే నీళ్లకే ఎదురుచూసే సీమలో మన కళాశాలల మైదానాలు చాలావరకు మట్టివే. జనవరి దాటితే నేల రాయి అవుతుంది, బంతి ఎటు ఎగురుతుందో కొట్టినవాడికే తెలియదు. నలుగురు ఒక్కచోట చేరితే లేచే దుమ్ములో ఎవరి కాలు ఎవరికి తగిలిందో దేవుడికెరుక. మైదానం చెరిసగం పంచుకున్న ఇద్దరు అంపైర్లలో, ఆ డి ఎవరి వంతుదో ఆయన ఒక్కడే తేల్చాలి. ఆ ఒక్కడూ ఆతిథ్యమిచ్చిన కళాశాల అధ్యాపకుడే అయితే? ఆయన సాక్షాత్తు హరిశ్చంద్రుడే కావచ్చు. ఓడినవాడు నమ్మడు.

నేను విద్యార్థిగా మూడేళ్లు ప్యాడ్లు కట్టుకున్నవాణ్ణి. నామీద పడిన గోల్స్‌లో చాలావాటిని మరిచిపోయాను. ఒక్కటి మాత్రం మరవలేదు. అది అన్యాయమని కాదు. ఎందుకిచ్చారని మా కెప్టెన్ మర్యాదగా అడిగితే "నువ్వు నాకు ఆట నేర్పుతావా?" అన్నది ఒక్కటే సమాధానం. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

యంత్రాలుంటే ఈ గొడవలుండవని కొందరు మిత్రులంటారు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో ఏం జరిగింది? కామన్వెల్త్ క్రీడల సెమీ ఫైనల్లో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాతో 1-1తో సమానంగా నిలిచారు. షూటౌట్‌లో తొలి ప్రయత్నాన్ని మన సవిత ఆపేసింది. తీరా ఎనిమిది సెకన్ల గడియారం మొదలు కాలేదని మళ్లీ ఆడించారు. ఈసారి గోలయింది, షూటౌట్ 3-0తో పోయింది. మన రాయలసీమ బిడ్డ, యర్రావారిపాలెం రజని కూడా ఆ జట్టులో గోల్‌కీపరే. తరువాత అంతర్జాతీయ హాకీ సమాఖ్య క్షమాపణ చెప్పింది. యంత్రమున్నా పొరపాటు పోలేదు. కాని చెప్పవలసిన మాట పైవాళ్లు చెప్పారు. ఆ అమ్మాయిలు ఏడ్చి ఊరుకోలేదు, న్యూజిలాండ్‌ను ఓడించి కాంస్యం తెచ్చారు.

అమెరికా, కెనడాల మంచు హాకీలోనూ కీపరుకు అడ్డు తగిలాడా లేదా అన్న పేచీ తెగదు. 2015 నుండి అక్కడి పెద్ద లీగులో శిక్షకుడు అభ్యంతరం చెబితే వీడియో చూస్తారు. చూశాక రిఫరీ మైకు పట్టుకుని తీర్పు ప్రేక్షకులందరికీ వినిపిస్తాడు. పేచీలు ఆగలేదు. అయినా అక్కడ తీర్పు నోరు విప్పుతుంది.

మనకు వీడియో అక్కర్లేదు, నోరు చాలు. నేను కోరేవి మూడే. ఒకటి, పోటీపడే రెండు కళాశాలలకూ చెందని అంపైర్లను పిలిపించాలి. రెండు, ఆటకు ముందు పది నిమిషాలు ఇద్దరు కెప్టెన్లనూ గోల్‌కీపర్లనూ కూర్చోబెట్టి, దేన్ని అడ్డం అంటారో, దేన్ని అనరో చెప్పాలి. మూడు, వివాదం వస్తే కెప్టెన్‌కు ఒక్క వాక్యంలో కారణం చెప్పాలి: "నిలబడి ఉన్నాడు, అందుకే గోలు." ఆపైన వాదించినవాడు బయటకు నడవవలసిందే.

కారణాలు చెబుతూ కూర్చుంటే అంపైరు మాటకు విలువ పోదా అని పెద్దలు అడగవచ్చు. తరగతిలో మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పే అధ్యాపకుడి విలువ తగ్గిందా? పెరిగిందనే విద్యార్థులందరూ అంటారు.

ఇది కేవలం ఒక కప్పు గొడవ కాదు. విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక ఈ పోటీల్లోనే. ఆ జట్టులో ఆడిన సర్టిఫికెట్టు రేపు క్రీడా కోటాలో ఒక ఉద్యోగం కావచ్చు. పల్లెనుంచి బస్సెక్కి వచ్చి, ఎవరో వాడి వదిలిన ప్యాడ్లు కట్టుకుని నిలబడే కుర్రవాడికి అది చిన్న విషయమా? తీర్పు వాడికి ఎదురుగా పోవచ్చు, ఆటలో అది మామూలే. ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు మాత్రం వాడిది. ఈ ఏటి పోటీలకు మన విద్యార్థి సంఘం ఆ హక్కును నియమాల కాగితంలో మొదటి వరుసలో రాయించాలని నా మనవి.