నీళ్లకు వంతు ఉంది, పదవికి లేదా?

దాళ్వాలో గోదావరి నీరు తగ్గితే మనం ఏం చేస్తాం? వంతులవారీ పెట్టుకుంటాం. ఇన్ని రోజులు ఎగువకు, ఇన్ని రోజులు దిగువకు. ఎంత పెద్ద రైతయినా వంతు అయిపోతే తూము దించాల్సిందే. ధవళేశ్వరం కింద మూడు డెల్టాల్లో పది లక్షల ఎకరాలకు పైగా పండుతున్నదంటే ఈ కట్టుబాటు కూడా ఒక కారణం. మరి ఆ నీటిని చూసే కమిటీల్లో మాత్రం వంతు ఎందుకు ఉండదు?

1997లో వచ్చిన చట్టంతో రాష్ట్రంలో పది వేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. 2003లో దాన్ని సవరించి సభ్యుడికి ఆరేళ్ల గడువు పెట్టారు. రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోవాలన్నారు. పాతవారి అనుభవం పోదు, కొత్త నీరూ వస్తుంది. ఏర్పాటు మంచిదే. కానీ ఎన్నికలు సకాలంలో జరిగితేనే కదా! ఏళ్ల తరబడి ఎన్నికలు లేక, చివరికి 2024 డిసెంబరులో జరిగాయి. సహకార సంఘాల సంగతీ అంతే. 2013లో ఎన్నికలు జరిగాయి, ఐదేళ్ల గడువు ఎప్పుడో దాటింది, తర్వాత నామినేటెడ్ కమిటీలే దిక్కయ్యాయి.

ఎక్కువ కాలం కుర్చీలో ఉన్నవాడు చెడ్డవాడే కానక్కర్లేదు. కానీ అతనికి కాలువ తన చేను దగ్గర ఎలా ఉంటే అలాగే కనిపిస్తుంది. నాది శివారు భూమి. గుర్రపుడెక్క తీయించమని ఒకసారి అడిగితే, "మీకు నీళ్లొస్తున్నాయిగా" అన్నారు మా పెద్దాయన. ఆయన మా చివరి బోదె చూసి ఎన్నేళ్లయిందో! 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు మురుగు కాలువల గోడు కూడా అందులో ఉంది. శివారు రైతు మాట వినేవాళ్లు కమిటీలో లేకపోతే ఆ గోడు సాగునీటి సలహా మండలి సమావేశం దాకా ఎలా వెళుతుంది?

"జీతం లేని పని, కొత్తవాళ్లెవరొస్తారు? ఏ తూము ఎక్కడుందో పాతవాళ్లకే తెలుసు" అంటారు. సగం నిజమే. అయితే మనం ఎవరిని అడిగాం? మన జిల్లాల్లో సాగులో ఎక్కువ భాగం కౌలు రైతులది. కలుపు తీసేదీ, నాట్లు వేసేదీ ఆడవాళ్లు. వాళ్ల ఇంటికి వెళ్లి రమ్మని పిలిచామా? దిగిపోయిన పెద్దాయన ఒక ఏడాది కొత్తవారి పక్కన కూర్చుని పని నేర్పితే అనుభవం ఎక్కడికీ పోదు. సహకార బ్యాంకుల్లో మామూలు డైరెక్టరు వరుసగా పదేళ్లకు మించి ఉండకూడదని కేంద్ర చట్టమే చెబుతోంది. డబ్బుకు పనికొచ్చిన నియమం నీటికి పనికిరాదా?

అందుకే నేను కోరేది మూడు మాటలు. ఒకటి, ఏ కమిటీలోనైనా వరుసగా రెండు దఫాలు చాలు, తర్వాత ఒక దఫా ఖాళీ. రెండు, అందరూ ఒకేసారి కాకుండా మూడో వంతు చొప్పున మారాలి. మూడు, గడువు ముగిసేలోగా ఎన్నిక జరగాలి. దిగిపోయినవారి స్థానంలో ప్రభుత్వం తన మనిషిని కూర్చోబెడితే ఈ నియమం మనకే ఉరి అవుతుంది.

ఇది ముందు మన ఇంట్లోంచే మొదలవ్వాలి. మన సంఘం మండల కమిటీలో నేను పన్నెండేళ్లుగా ఉన్నాను. వచ్చే మహాసభలో నా పేరు ప్రతిపాదించవద్దు. జెండా మోయడానికి, కాలువ గట్టు మీద తిరగడానికి పదవి అక్కర్లేదు. మీ ఊరి కమిటీలో ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారో మీరూ ఒకసారి లెక్క వేసుకోండి.