వేరు పెట్టాల్సింది కంచం కాదు, తెరవాల్సింది కిటికీ

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటాది, ఓపిగ్గా చదవండి.

పోయిన చలికాలం మా రూములో ఒక తమ్ముడు మూడు వారాలు ఆగకుండా దగ్గాడు. పద్నాలుగు మందిమి పడుకునే రూము. మంచానికీ మంచానికీ మధ్య చెప్పులు పెట్టుకునేంత జాగా. అప్పుడు మేం చేసిన పని చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. వాడి కంచం, గ్లాసు వేరు పెట్టాం. వాడి బకెట్ ముట్టుకోలేదు. రాత్రయితే మాత్రం చలికి కిటికీలన్నీ బిగించేసి, తెల్లార్లూ వాడితో కలిసి ఒకే గాలి పీల్చాం.

తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. అప్పుడు నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. టీబీ కంచంతో రాదు, బట్టలతో రాదు, చెయ్యి కలిపితే రాదు, గాలితో వస్తాది. అంటే అవసరం లేని పని చేసి వాడి మనసు విరిచాం. అవసరమైన పని వదిలేశాం.

అన్ని దగ్గులూ ఒకేలా అంటవు. తట్టు అన్నిటికంటే వేగం. టీకా లేనివాళ్ల మధ్య ఒక్కరికొస్తే 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. ఆ మనిషి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా దాని క్రిమి గాలిలో ఉంటాది. ఫ్లూ అంత వేగం కాదు గానీ, జ్వరం బయటపడక ఒకరోజు ముందు నుంచే అంటుకుంటాది. జలుబు, ఫ్లూ చేతుల ద్వారా కూడా పాకుతాయి, అందుకే సబ్బుతో కడగమంటారు. టీబీ నెమ్మది. ఒకసారి పక్కన కూర్చుంటే వచ్చేయడం అరుదు. కానీ మూసిన గదిలో నెలల తరబడి కలిసి పడుకుంటే? మన హాస్టల్ రూములు సరిగ్గా అలాంటివే.

"కిటికీ తీస్తే దోమలు, మలేరియా రాదా?" అంటారు. నిజమే. ఏజెన్సీలో పుట్టినోళ్లకి మలేరియా గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే మేమనేది, కిటికీకి మెష్ కావాలి, మంచానికి దోమతెర కావాలి, చలికి ఇంకో దుప్పటి కావాలి. దోమకి భయపడి గాలి మూసుకోవడం, గాలికోసం దోమకి ఒళ్లప్పగించడం, ఈ రెండే దారులని ఎందుకు ఒప్పుకోవాలి? ఇది మన శుభ్రత లోపం కాదు, వసతి లోపం. వినతిపత్రంలో మెనూతో పాటు మెష్ కూడా రాయండి.

ఇంకో మాట. ఆ తమ్ముడు మూడు వారాలు ఎందుకు చెప్పలేదో తర్వాత తెలిసింది. ఇంటికి పంపేస్తారని, హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగిపోతాదని భయం. మన ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మనమే మొదలు. ఆ సీటు పోతే మళ్లీ కొండకే అన్న భయం మనందరికీ ఉంది. దగ్గినోడిని దోషిలా చూస్తే రేపు ఇంకొకడు నోరు మూసుకుని దగ్గుతాడు. అప్పుడు నష్టం రూము మొత్తానికి. జబ్బు సెలవుని హాజరులో కోత పెట్టొద్దని కూడా మనం గట్టిగా అడగాలి.

మన చేతుల్లో ఉన్నవి కూడా ఉన్నాయి. దగ్గేవాళ్లే ముందు మాస్క్ పెట్టుకోవాలి, లేదంటే తువ్వాలు అడ్డం పెట్టాలి. మంచాలు తలా కాళ్లూ ఎదురెదురుగా వేసుకుంటే ముఖాల మధ్య దూరం పెరుగుతాది. పగలంతా కిటికీలు, తలుపులు తీసి ఎండ పడనివ్వాలి. రెండు వారాలు దాటిన దగ్గయితే ఆశా అక్కకి చెప్పి తెమడ పరీక్షకి వెళ్లాలి. ఊళ్లో దిశారి దగ్గరకి వెళ్లొద్దనట్లేదు, పరీక్ష మానొద్దంటున్నాం. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. తిండికోసం ఇచ్చే డబ్బు 2018లో నెలకి 500తో మొదలై, 2024 నవంబర్ నుంచి 1000 అయింది. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. రెండు నెలలకే బాగుందని ఆపేస్తే మొండి టీబీగా మారొచ్చు.

ఆ తమ్ముడు ఆరు నెలలూ మింగాడు, తగ్గింది, మళ్లీ మా రూముకే వచ్చాడు. వాడి కంచం ఇప్పుడు మా కంచాల మధ్యే ఉంది. కిటికీకి మెష్ మాత్రం ఇంకా రాలేదు. మీ హాస్టల్లో పరిస్థితేంటో కింద రాయండి, అన్నీ కలిపి ఒకే వినతిపత్రం పెడదాం.

జై ఆదివాసీ.