ఇల్లు – పెరడు: చలిమంట గుంతకు ఏ రాయి?



ఈ నెల మీ ఉత్తరాలకు జవాబులు పక్కన పెట్టి, మా ఇంట్లో జరిగిన సంగతే రాస్తున్నాను. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ముప్పై ఏండ్లు బడిలో సామాన్యశాస్త్రం చెప్పినవాడికి పెరట్లో మంట పెట్టడం చేతకాలేదంటే ఎవరైనా నవ్వుతారు. అయినా రాయక తప్పదు. మన కొడంగల్, తాండూరు, వికారాబాదు వైపు ఏ ఇంటి వెనుక చూసినా నాలుగు బండలు మిగిలి పడి ఉంటాయి. నేను చేసిన పొరపాటు రేపు మీరూ చేయవచ్చు.

మా చిన్నబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. క్రిస్మసు సెలవులకు పిల్లలతో ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఏడాది వాడే పట్టుబట్టి పెరట్లో గడ్డి పరిపించాడు. ఆ గడ్డి మీద బర్రెను కట్టనియ్యడు, అది వేరే కథ. ఈసారి వచ్చి, “నాయనా, ఈ పచ్చిక మధ్యలో గుండ్రంగా మంటగుంత కట్టుకుందాం, రాత్రిపూట అందరం చుట్టూ కూర్చోవచ్చు” అన్నాడు. పట్నంలో పెద్ద హోటళ్లలో అట్లాంటివి ఉంటాయట, ఫైర్ పిట్ అంటారట.

నాకు నవ్వొచ్చింది. పీర్ల పండుగకు మన ఊళ్లలో ఆశూర్‌ఖానా ముందు తవ్వే అలావ గుంత మరేమిటి? చిన్నప్పుడు ఆ మంట చుట్టూ ఏ కులం వాళ్లు, ఏ మతం వాళ్లు అని చూడకుండా ఊరంతా చేరేది. కోస్తా జిల్లాల్లో పిడకలు వేసి పాలు ఎర్రగా కాగబెట్టే దాలిగుంట ఉండేది. మనవాళ్లయితే ప్రతి నవంబరులో ధారూరు మెథడిస్టు జాతరకు వెళ్లి, చెట్ల కింద దిగి, మూడు రాళ్లు పెట్టుకుని అన్నం వండుకుంటారు. చీకటి పడ్డాక ఆ పొయ్యిలే చలిమంటలు. మంట చుట్టూ కూర్చోవడం మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు అనుకున్నాను. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఒక పూటలో గుంత తవ్వాము. ఇంటికి నేల పరిచినప్పుడు మిగిలిన తాండూరు బండలు గోడ వెనుక నిలబెట్టి ఉన్నాయి. వాటిని పగలగొట్టి గుంత చుట్టూ అంచులాగా పేర్చాను. చూడటానికి ఎంత అందంగా ఉందో! ఆ రాత్రి తుమ్మ మొద్దులు వేసి అంటించాము. మంట బాగా లేచిన పావుగంటకు ‘టప్’మని ఒక చప్పుడు. మొద్దు చిట్లిందనుకున్నాము. రెండోసారి చప్పుడుతోపాటు రాతి పెచ్చు ఒకటి ఎగిరి మా మనవరాలి కంటి కింద తగిలింది. రక్తం కారుతుంటే పిల్ల కేక పెట్టింది, మా కోడలు ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. ఇంకొక పెచ్చు ఇంటావిడ శాలువా మీద పడి కాల్చి బొక్క చేసింది. డాక్టరు రెండు కుట్లు వేసి, “అర అంగుళం పైకి తగిలి ఉంటే కన్ను పోయేది సార్” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మరునాడు మా ఇల్లు కట్టిన మేస్త్రి పలకరించడానికి వచ్చాడు. గుంతను ఒకసారి చూసి, “సారూ, గీ బండ ఎండకు పనికొస్తది, వానకు పనికొస్తది, నిప్పుకు పనికిరాదు. పేల్తది. నన్ను అడగకపోతిరి?” అన్నాడు. చదువుకున్న నేను తల దించుకున్నాను.

కారణం తర్వాత ఆలోచిస్తే తేటగా తెలిసింది. తాండూరు బండ, షాబాదు బండ ఒకే జాతివి, రెండూ సున్నపురాయే. పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. అందుకే గనిలో పనివాళ్లు ఉలి, సుత్తితోనే దాన్ని పలకలుగా లేపగలరు. ఆ పొరల సందుల్లో తేమ చేరుతుంది. వానలో, మంచులో బయట పడి ఉన్న బండలో అది మరీ ఎక్కువ. వేడి తగిలితే ఆ నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. పొరల మధ్య ఇరుక్కున్న ఆవిరికి దారి ఏదీ? పైగా మంటవైపు ముఖం కాగి సాగుతుంది, వెనుక ముఖం చల్లగానే ఉంటుంది. ఆ లాగులాటలో రాయి పెచ్చులుగా ఎగిరిపోతుంది.

ఇంకొక సంగతి. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే అది సున్నం అవుతుంది. పాత సున్నపు బట్టీల్లో జరిగింది అదే. నూరు కిలోల శుద్ధమైన రాయి కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కినది బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. తాండూరు దగ్గర కరన్‌కోటలో సిమెంటు కర్మాగారం పెట్టింది కూడా ఈ సున్నపురాయి కోసమే. పెరటి మంటలో అంత వేడి అంతటా రాదు గాని, నిప్పుల మధ్య పడిన పెచ్చులు అక్కడక్కడ సున్నం కావచ్చు. దాని మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి కాగుతుంది. చెయ్యి కాలుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. కాబట్టి అలాంటి బూడిదను పిల్లల చేత ఎత్తించకండి.

వాగులో ఏరుకొచ్చిన గుండ్రని రాళ్లు కూడా వద్దు. ఏండ్ల తరబడి నీళ్లలో నానిన రాయి మంటలో మరీ గట్టిగా పేలుతుంది. గట్టి నల్లరాయి, మెట్ట మీద ఎండినది, కొంత మేలు. అన్నిటికన్నా మేలు బాగా కాలిన మామూలు ఇటుక. ఒకసారి బట్టీలో కాలి వచ్చినది గనుక నిప్పును తట్టుకుంటుంది.

మేస్త్రి సలహాతో మళ్లీ కట్టాము. ముందు చోటు చూసుకోవాలి. ఇంటికి, చెట్ల కొమ్మలకు పదిహేను అడుగులకు తక్కువ కాకుండా. గడ్డివాము ఉంటే దాని ఛాయలకే పోవద్దు. ఆగ్నేయ మూల పెట్టాలని పక్కింటాయన వాస్తు చెప్పాడు. నేను గాలిని చూశాను. మన దగ్గర చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుండి, తూర్పు నుండి వీస్తుంది. గుంత ఇంటికి నైరుతిగా ఉంటే పొగ ఇంట్లోకి రాదు. అయితే అటు పక్క ఎవరి ఇల్లు ఉందో కూడా చూడాలి. ఆ ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దమనిషి ఉంటే మన సంబరం ఆమెకు శిక్ష.

ఆరడుగుల గుండ్రంలో గడ్డిని వేళ్లతో సహా పారతో లేపి వేరే చోట నాటాము. ఎండు గడ్డివేళ్లు లోలోపల రాజుకుని దూరంగా పైకి తేలుతాయి గనుక గడ్డి మీదే మంట పెట్టరాదు. మధ్యలో మూడడుగుల వెడల్పు, అడుగు లోతు గుంత. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకని అడుగున నాలుగంగుళాలు ఇసుక, ఇటుక ముక్కలు పోశాము. కంకర పోయవచ్చా అంటే, ఇక్కడ దొరికే కంకర చాలాచోట్ల సున్నపురాయిదే, మళ్లీ మొదటికి వస్తాము. చుట్టూ మూడు వరుసల ఇటుక, నలభై ఇటుకలు చాలినాయి. సిమెంటు వాడలేదు, వేడికి పగిలి రాలిపోతుంది. బంకమట్టిలో ఊక కలిపి పెట్టాము. కింది వరుసలో నాలుగు దిక్కులా గాలికి సందులు వదిలాము. వారం ఆరనిచ్చి మొదట చిన్న మంటే వేశాము. వానాకాలం పైన రేకు కప్పకపోతే నీళ్లు నిలిచి దోమలకు నిలయమవుతుంది.

కట్టెల సంగతి చెప్పాలా? 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే నేల మనది. కోతలయ్యాక కందికట్టె కావలసినంత. అది భగ్గున అంటుకుని తొందరగా ఆరిపోతుంది, అంటించడానికి మంచిది. నిప్పు నిలవాలంటే తుమ్మ. గన్నేరు కొమ్మలు మాత్రం వేయవద్దు, దాని పొగ కూడా విషమే. రంగు వేసిన తలుపు చెక్కలు, టైరు ముక్కలు, ప్లాస్టిక్కు కూడా వద్దు. కట్టెను దులిపి తీసుకోండి. మెలితే ద్వీపంలో పౌలు పుల్లలు పోగుచేసి మంటలో వేస్తే పాము వెలికి వచ్చిన సంగతి మీరెరిగినదే. మన కట్టెల మోపుల్లో, బండల సందుల్లో తేళ్లకు కొదవ లేదు.

చలి 10 డిగ్రీల లోపు దిగిన రాత్రుల్లో కొందరు మిగిలిన నిప్పులు కుంపట్లో ఎత్తుకుని గదిలో పెట్టి తలుపులు మూసి పడుకుంటారు. దయచేసి ఈ పని ఎన్నడూ చేయకండి. నిప్పుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారు. బాలింత గదిలో కుంపటి పెట్టే ఇండ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

లేచేటప్పుడు నీళ్లు పోసి, కట్టెతో కలియబెట్టి, మళ్లీ పోయాలి. పైన తెల్లబడిన బూడిద కింద మరునాటి దాకా నిప్పు ఉంటుంది, పొద్దున్నే ఉత్త కాళ్లతో పరుగెత్తేది పిల్లలే. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. కాలినది అరచేతికన్నా పెద్దదైతే 108కి ఫోను చేయండి.

మనవరాలి కుట్లు మానినాయి, చిన్న గీత మిగిలింది. ఈ సంక్రాంతికి వచ్చి కొత్త గుంత దగ్గర కూర్చుంది గాని, మొదటి రోజు వాళ్ల నాయనమ్మ వెనుక నుండే తొంగి చూసింది. రెండో రోజు తానే కందిపుల్ల వేసింది. మిగిలిన బండలు బోరు దగ్గర బట్టలుతికే చోట పరిపించాను.