ప్రాణములు పోయిన పిదప విచారణ

2025 జూన్ 30వ తేదీని సంగారెడ్డి జిల్లా పాశమైలారమున నొక యౌషధ కర్మాగారము ప్రేలి 40 మందికి బైగా కార్మికులు మడిసిరి. పొట్ట చేతబట్టుకొని యన్యరాష్ట్రములనుండి వచ్చినవా రందనేకులు. అంతకుముందు 2024 ఆగస్టున అచ్యుతాపురములో 17 మంది. 2020 మేనెలలో విశాఖపట్టణమున విషవాయువువలన 12 మంది. ప్రతిపర్యాయమును పరిహారములు, విచారణలు! ఈ యాతురత ప్రమాదమునకు బూర్వమే యేల కలుగదు?

1984లో భోపాలు బలియైన పిదపగాని, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున నపాయకర ప్రక్రియలను గూర్చిన యధ్యాయము 1987లో చేరలేదు. ఆ చట్టమునకు మారుగా 2020 నాటి వృత్తిభద్రతాస్మృతి 2025 నవంబరు 21 నుండి యమలులోనికి వచ్చినది. నియామకపత్రము, ఉచిత వార్షిక వైద్యపరీక్ష మేలైనవే; కాదనము. కాని యంత్రశక్తిగల తావున పదిమంది యున్న చాలు, పూర్వము కర్మాగార మనిపించుకొనెడిది, నేడిరువదిమంది కావలెనట! పందొమ్మిదిమంది చేతులను యంత్రము కోయదా? తనిఖీయధికారికి యజమానులకు దోడ్పడు సహాయకు డను రెండవ బిరుదును గూడ దగిలించిరి. కావలివాడే చుట్టమైన నిక దొంగ కేమి భయము?

ముందుగా దెలుపకయే యేవేళనైనను లోన బ్రవేశించు నధికారము తనిఖీదారున కుండవలెనను నంతర్జాతీయపు టొడంబడికను మనదేశము 1949లోనే యంగీకరించెను. ఆ మాట చెల్లించుకొనుడు. చాలినంతమంది తనిఖీదారులను నియమింపుడు. వారి నివేదికలను కార్మికుల భాషలలో కర్మాగార ద్వారమునందే యంటింపుడు.

పఠనాలయములలో దీనిని జదువు మహాశయులారా! ఉదయమున బనికేగినవాడు సాయంకాలము క్షేమముగా నిల్లు చేరుట యొకరి దయ కాదు, వాని హక్కు. దాని నడుగుట మన విధి.