"కిటికీ ఎందుకు తెరిచిండ్రు?" అని అడిగేటోళ్లకు మన జవాబు

 

కొంచెం పొడుగు పోస్టు. ఓపికతో చదవండి. ఇది మా ఒక్క రూము ముచ్చట కాదు.

పోయిన ఎండాకాలం మా రూములో రెండు ఫోన్లు పోయినయి. మాదాపూర్ లోపలి సందు, గ్రౌండ్ ఫ్లోర్, నలుగురం ఉంటం. ఉక్కపోతకు రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదు. ఇగ తట్టుకోలేక కిటికీ రెక్కలు తెరిచి పండుకున్నం. తెల్లారేసరికి ఎవడో ఊచల సందులోంచి కర్ర పెట్టి ఫోన్లు గుంజుకపోయిండు. అందులో ఒక ఫోన్ మీదనే మా తమ్ముడు డెలివరీ చేస్తడు. ఫోన్‌తోపాటు ఆ రోజు కూలి కూడా పోయింది.

ఫిర్యాదు రాసుకున్నాయన మొదట అడిగింది ఇదే: "కిటికీ ఎందుకు తెరిచిండ్రు?" ఓనర్ కూడా అదే అడిగిండు. సాయంత్రం ఫోన్ చేస్తే తండాల అమ్మ కూడా అదే అడిగింది. మర్నాడు ఓనర్ ప్లైవుడ్ ముక్క తెచ్చి కిటికీకి మేకులు కొట్టించి "ఇగ భయం లేదు పోండి" అన్నడు. నిజమే, భయం పోయింది. దాంతోపాటు గాలి కూడా పోయింది.

దొంగను వదిలేసి, గాలి కోసం కిటికీ తెరిచినోణ్ని తప్పు పట్టే ఈ లెక్క ఎక్కడిది? గాలి కావాలంటే సామాను పోగొట్టుకో, సామాను కావాలంటే ఉడికిపో అని మనకే ఎందుకు చెప్తరు? ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరం లేదనేదే మా వాదన. గాలి వచ్చి దొంగ రాని కిటికీ చేయడం ఏ వెల్డింగ్ షాపాయనకైనా ఒక పూట పని. అది చేయించకపోవడం ఓనర్ తప్పు. దాన్ని మన నిర్లక్ష్యం అనొద్దు.

"గ్రౌండ్ ఫ్లోర్ చల్లగుంటది కదా" అంటరు కొందరు. పగటిపూట అది కొంత నిజమే, పైకప్పు వేడి కిందికి దిగదు. రాత్రి కథ వేరే. పగలంతా ఎండ తాగిన గోడలు, సిమెంటు రోడ్డు, ప్రహరీ రాత్రంతా ఆ వేడిని వదులుతయి. పై అంతస్తుల ఏసీలు వాళ్ల గదుల వేడిని తెచ్చి మన సందులో పోస్తయి. లోపల నలుగురి ఒంటి వేడి, వంట వేడి. ఫ్యాన్ గాలిని తిప్పుతది గాని చల్లబరచదు. మూసిన గదిలో అదే వేడి గాలి మళ్లీ మళ్లీ మొహాన కొడుతది. హైదరాబాద్‌లో బయట గాలి బాగా చల్లబడేది తెల్లవారుజామున. సరిగ్గా ఆ టైముకే మన కిటికీ బంద్ అయి ఉంటది. కూలర్ కొన్నా అంతే. తడి గాలి బయటికి పోయే దారి లేకపోతే కాసేపటికే గదంతా జిగటగా అయితది.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. పొడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలని, తలుపును అందులో కలపొద్దని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది. అంటే 100 చదరపు అడుగుల గదికి 10 చదరపు అడుగులు. ప్లైవుడ్ కొట్టిన కిటికీ ఈ లెక్కలో ఎంతకు వస్తది? సున్నాకు.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మంచిదే. కానీ తెల్ల రంగేసిన పైకప్పు మేలు ముందు పై అంతస్తోళ్లకే అందుతది. స్టిల్ట్ పార్కింగ్ పక్కన వాచ్‌మన్ గదిలో పిల్లలతో పండుకునే మనోళ్ల దాకా అది దిగి రాదు. 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినోళ్ల కుటుంబానికి 4 లక్షలు ఇస్తమన్నరు. చచ్చినంక లెక్క కట్టిండ్రు. మరి బతికి ఉండంగ పండుకునే గదికి లెక్క ఎవరు కడతరు?

సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. అప్పటి నుంచి లేచిన అద్దాల మేడల గేట్ల దగ్గర రాత్రంతా నిలబడేటోళ్లలో మన తండాలు, గూడేల పిల్లలు ఎంతమంది లేరు? పక్కోడి నిద్రకు కాపలా కాసేటోడికి తన నిద్రకు ఒక మంచి గడియ దొరకదా?

ఊళ్లో అంతా బాగుందని మేము అబద్ధం చెప్పం. అక్కడ పాములు, దోమలు, కరెంటు కోతలు ఉన్నయి. కానీ ఎండాకాలం వాకిట్లో నులక మంచం వేసుకుంటే ఎవ్వరూ తప్పు పట్టరు. నలుగురి కండ్లు ఉంటయి కాబట్టి ధైర్యంగా ఉంటది. పట్నంలో ఆ కండ్లు లేవు కాబట్టి ఇనుము కావాలె.

"తక్కువ కిరాయికి ఇంతకంటే ఏం వస్తది?" అని మనలోనే అంటున్నరు. తక్కువ కిరాయికి చిన్న గది రావొచ్చు, గాలి లేని గది కాదు. మా కిటికీకి వెల్డింగ్ షాపాయన చెప్పిన ఖర్చు మా నెల కిరాయిలో సగం కూడా లేదు.

అందుకే అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు ఇవి చూడండి, అడగండి:

1. గ్రిల్ గోడలో నాటి ఉండాలె. బయటి నుంచి స్క్రూలు విప్పే గ్రిల్ ఉన్నా లేనట్టే. దానికి గట్టి స్టీల్ జాలి కూడా కావాలె. కర్ర దూరదు, దోమ దూరదు, గాలి దూరుతది.

2. చెక్క తలుపుతోపాటు ఇనుప జాలి తలుపు. రాత్రి చెక్క తలుపు తెరిచి, జాలి తలుపుకు లోపల గడియ వేసుకోవచ్చు. బయటి చేయి అందకుండా గడియ దగ్గర రేకు కొట్టించాలె.

3. గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఇంకొకటి. కిటికీ ఒక్కటే ఉంటే ఎదురు గోడ పైన రోషన్‌దాన్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాలె.

4. మంట లేస్తే బయటికి వచ్చే దారి. తాళంచెవి అందరికీ తెలిసిన చోట, కిటికీలోంచి చేయి అందని చోట ఉండాలె. 2025 మే 18న గుల్జార్ హౌజ్ అగ్ని ప్రమాదంలో 17 మంది పోయిండ్రు. ఇరుకు దారి ఎట్ల ప్రాణాలు తీస్తదో అప్పుడు చూసినం. హాస్టల్ గేటుకు రాత్రి బయటి నుంచి తాళం వేస్తే, "సేఫ్టీ కోసమే" అన్నా ఒప్పుకోవద్దు.

5. చెల్లెళ్ల గదులకు కిటికీ కింది సగానికి మసక అద్దం, పై సగం జాలితో తెరిచి. సందులో లైటు. తొంగిచూసేటోడి భయానికి అమ్మాయిలు ఉడికిపోవాలా?

మన వంతు కూడా ఉంది. ఫోన్లు, పర్సులు కిటికీకి దూరంగా పెట్టాలె. ఎండెక్కంగనే కిటికీ మూసి పరదా వేసి, బయట చల్లబడ్డంక తెరవాలె.

ఈసారి ఎండలు ముదరకముందే కింది మూడు రూములోళ్లం కలిసి ఓనర్ దగ్గరికి పోయినం. "నచ్చకపోతే ఖాళీ చేయండి" అన్నడు. "మూడు రూములు ఒకేసారి చేస్తం" అన్నం. వారం దాటినంక ప్లైవుడ్ ఊడింది, జాలి వచ్చింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంకా రాలే. అడుగుతనే ఉన్నం.

జల్, జంగల్, జమీన్ కోసం కొట్లాడిన భీం వారసులం మనం. పట్నంలో ఇంత గాలి అడగడానికి మొహమాటం ఎందుకు?

రేపు మిమ్మల్ని ఎవరన్న "కిటికీ ఎందుకు తెరిచిండ్రు?" అని అడిగితే తల దించుకోకండి. "జాలి ఎందుకు పెట్టలే?" అని అడగండి.