పైసా వాటా.. రూపాయి పెత్తనం

కంపెనీ ఎవరిది? షేర్లు కొన్నోళ్లదా, కుర్చీలో కూర్చున్న కుటుంబానిదా? మేం అడిగేది ఇదొక్కటే.

2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు 160 కోట్ల డాలర్లతో రెండు మేటాస్ కంపెనీలను కొనాలని తీర్మానించింది. సత్యం పేరును ఇంగ్లీషులో తిరగేసి రాస్తే మేటాస్. నడిపేది రామలింగరాజు కొడుకులు. సత్యంలో ఆ కుటుంబం వాటా నూటికి తొమ్మిది కూడా లేదు. మిగతా 91 మంది సొమ్ముతో కొడుకుల భూముల కంపెనీ కొంటారట! పెద్ద చదువుల స్వతంత్ర డైరెక్టర్లలో ఒక్కరూ వ్యతిరేక ఓటు వేయలేదు. అమెరికాలో షేరు సగానికి కూలితే గాని వెనక్కి తగ్గలేదు. లెక్కల్లోని దొంగ ఆస్తులను అసలు ఆస్తులతో పూడ్చే ఆఖరి ప్రయత్నం అదేనని 2009 జనవరి 7న రాజే రాసిచ్చారు.

హైదరాబాద్ మెట్రో సంగతి చూద్దాం. 2008లో దాన్ని దక్కించుకున్న ఉమ్మడి కూటమికి మేటాసే పెద్ద. సర్కారు సాయం అక్కర్లేదు, మేమే 30,311 కోట్లు ఎదురిస్తామన్నది. నవభారత్, ఐఎల్ అండ్ ఎఫ్ఎస్, ఒక థాయ్‌లాండ్ సంస్థ వెంట నడిచాయి. కంపెనీతో చేయి కలిపామనుకున్నాయి, కలిపింది ఒక కుటుంబంతో. ఇంటి పెద్ద జైలుకు పోయినంక పెట్టుబడి కూడలేదు. 2009 జులైలో కాంట్రాక్టు రద్దయింది.