గింజ సంతకి, పండు మట్టికి

ఫాల్గుణం వచ్చేసరికి అడ్డతీగల చుట్టుపక్కల జీడితోటల సంగతి కంటికన్నా ముందు ముక్కుకి తెలుస్తుంది. రాత్రి రాలిన పండు పొద్దెక్కేసరికి పులిసి కల్లువాసన కొడుతూ ఉంటుంది. ఆడవాళ్ళు బుట్ట చంకన పెట్టుకొని, వంగి పండు ఏరి, మెలితిప్పి గింజ ఊడదీసుకొని, పండుని చెట్టు మొదట్లోనే పారేసి పోతారు. పశువులు కొన్ని తింటాయి. మిగతాది ఈగలపాలు. నాకూ నాలుగెకరాల జీడితోట ఉంది. ఇరవై ఏళ్ళుగా నేనూ ఇదే చేస్తున్నాను కాబట్టి ఎవరినో తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

ఒక్కసారి లెక్క చూడండి. జీడిపండు బరువు గింజకి ఐదు నుంచి పది రెట్లు ఉంటుంది. ఎకరాకి మూడు క్వింటాళ్ళ గింజ దిగిన తోటలో, తక్కువలో తక్కువ లెక్కేసినా పదిహేను క్వింటాళ్ళ పండు నేల మీద పడ్డట్టే. ఆ పండులో నారింజకన్నా చాలా రెట్లు ఎక్కువ సి విటమిన్ ఉంటుందని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. గింజ ధర షావుకారు చెప్పినంత. పండుకి ధరే లేదు.

ఈ మధ్య మా మేనల్లుడు ఇంగ్లండు నుంచి సెలవుకి వచ్చాడు. తోటలోకి తీసుకెళ్తే నేల మీద పండు చూసి, "మావయ్యా, ఇంత రసం పారబోస్తున్నారేంటి?" అన్నాడు. వాడుండే గ్లాస్టర్ వైపు ఆదివారం వస్తే కొంతమంది సరదాగా చేసే పని ఒకటుందట. ఆపిల్ పళ్ళు నలగ్గొట్టి, మరలో పిండి, ఆ రసాన్ని పులియబెడతారు. దాన్ని సైడర్ అంటారు. బేరిపళ్ళతో చేస్తే పెర్రీ. పొయ్యి లేదు, బట్టీ లేదు, బెల్లం ఊట లేదు. పండులో ఉన్న తీపే పులిసి, బీరంత ఘాటుకి వచ్చి ఆగుతుంది. వీడూ రెండేళ్ళుగా ఒక పెద్దాయన పెరట్లో ఆ పని నేర్చుకుంటున్నాడు. మొదటి ఏడాది చేసిందంతా వెనిగర్ అయిపోయిందని నవ్వుతూ చెప్పాడు.

నన్ను ఆపింది పెర్రీ మాట. పెర్రీకి వాడే బేరిపళ్ళు మనం కొట్లో కొనే రకం కాదట. కొరికితే నోరంతా పిడచకట్టే వగరు. పచ్చిగా ఎవరూ తినరు. గ్లాస్టర్, హెర్ఫర్డ్, వూస్టర్ జిల్లాల్లో వందల ఏళ్ళనుంచి ఆ చెట్లని కేవలం రసం కోసమే పెంచుతున్నారు. పండు నలగ్గొట్టాక వెంటనే పిండకుండా ఆ పిప్పిని ఒక రాత్రి అలాగే ఉంచితే వగరు కొంత విరుగుతుంది. మిగిలిన వగరే ఆ పానీయానికి రుచి, నిలవ. అంటే తినడానికి పనికిరాని వగరు పండుని అక్కడివాళ్ళు వాళ్ళ ప్రాంతానికే పేరు తెచ్చే సరుకుగా మార్చుకున్నారు. మన జీడిపండునీ వగరుగా ఉంది, గొంతు పడుతుంది అనే కదా పారేస్తున్నాం! ఆ వగరు విరిచే పద్ధతి మన వంటింట్లోనే ఉంది. పండురసంలో అన్నం గంజిగానీ, సగ్గుబియ్యం ఉడికించిన జావగానీ కలిపి కదపకుండా ఉంచితే వగరంతా ముద్దలా అడుక్కి దిగిపోతుంది. పైన తేరుకున్న రసం తియ్యగా ఉంటుంది.

పులియబెట్టడం మనకి కొత్తా? రంపచోడవరం ఏజెన్సీలో జీలుగు కల్లు తెలియని ఊరు లేదు. మా పక్క తోట కొండరెడ్డి తాత దగ్గరికి మేనల్లుణ్ణి తీసుకెళ్ళాను. జీలుగు చెట్టు ఎంతో ఎత్తు పెరుగుతుంది. వెదురు కట్టుకొని పైకెక్కి, గెల కొస చెక్కి లొట్టి కడతాడు. పూత పైనుంచి మొదలై ఏడాదికో మెట్టు కిందికి దిగుతుంది, చివరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. అందుకే ఏ చెట్టుకి ఎన్నేళ్ళు మిగిలాయో తాతకి చూడగానే తెలుస్తుంది. పొద్దున దించింది సాయంత్రానికి తల తిప్పుతుంది, మర్నాటికి పులుపు. మావాడు అడిగాడు, "తాతా, పులుపెక్కకుండా నెలల తరబడి ఉంచలేమా?" అని. "గాలి తగలకుండా చేస్తే ఉంటది బాబూ. లొట్టికి మూతేస్తే పగిలిపోద్ది. అదే కష్టం" అన్నాడు తాత. ఆ పగలగొట్టే గాలిని బయటికి పోనిచ్చి, బయటి గాలిని లోపలికి రానీకుండా ఇంగ్లండులో చేసేది చాలా చిన్న పని. సీసా బిరడాకి సన్నటి గొట్టం దూర్చి రెండో కొసని నీళ్ళలో ముంచుతారు. లోపలి గాలి బుడగలుగా పోతుంది, బయటిది రాదు. ఇంతే తేడా. తాతకి తెలియని విద్య అందులో ఆ గొట్టం ఒక్కటే.

మరి ఎందుకు చేయకూడదు? ఇక్కడే చిక్కు. మన రాష్ట్ర ఎక్సైజు చట్టం 1968 నాటిది. లైసెన్సు లేకుండా మత్తు పానీయం ఏది తయారుచేసినా నేరమే. రసాయనాలు కలిపి బట్టీలో దించిన నాటుసారా ఒకటి, సొంత చెట్టు పండు రసం సొంత సీసాలో పులియడం ఒకటి. రెండూ చట్టం కళ్ళకి ఒకే రంగులో కనిపిస్తాయి. కాబట్టి ఈ వ్యాసం చదివి రేపే ఇంట్లో సీసాలు పెట్టుకోమని నేను చెప్పడం లేదు. పెట్టుకుంటే కేసు నీ మీదే పడుతుంది, ఎవడూ అడ్డం రాడు. చట్టం మారాలి అంటున్నాను.

ఈ మాట అడగడానికి అడ్డతీగల కన్నా తగిన చోటు లేదు. 1879లో రంప తిరుగుబాటు లేచింది దేని గురించి? అప్పటిదాకా ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కొండల్లో వాళ్ళ సొంత వ్యవహారం. మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ పద్ధతి తెచ్చి, కల్లు మీద వసూలు హక్కు కాంట్రాక్టర్లకి ఇచ్చింది. తన చెట్టు కల్లు తాను తాగడానికి మైదానం నుంచి వచ్చిన పాటదారుకి డబ్బు కట్టాల్సి వచ్చింది. ముఠాదార్ల పీడన, షావుకార్ల అప్పులు, పోలీసుల దౌర్జన్యం ముందే ఉన్నాయి. కల్లు పన్ను నిప్పు పెట్టింది. ద్వారబంధాల చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీస్ ఠాణాని తగలబెట్టింది ఆ పోరాటంలోనే. మనం ఏటా తలచుకునే అల్లూరి సీతారామరాజు దాడి, 1922 అక్టోబరు 15న జరిగింది, అదే ఊరి ఠాణా మీద, నలభై ఏళ్ళ తర్వాత. ఆయన తాగుడు మానమని కొండవాళ్ళకి చెప్పినవాడన్న సంగతి కూడా మరిచిపోకూడదు, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆ దొరల సొంత దేశంలో మాత్రం రైతుకి వేరే న్యాయం. ఏడాదికి ఏడు వేల లీటర్ల లోపు సైడర్, పెర్రీ చేసుకొని అమ్ముకునే చిన్నవాళ్ళకి ఆ దేశం 1976లో సుంకం మినహాయింపు ఇచ్చింది. పెద్ద ఫ్యాక్టరీకి ఉన్న నిబంధన పెరట్లో నాలుగు చెట్లున్నవాడికి వర్తిస్తే ఆ చెట్లు నరికేస్తాడని వాళ్ళకి తెలుసు. ఏడు వేల లీటర్లంటే మన లెక్కలో ఒక మోస్తరు జీడితోట పండంతా పిండినా చాలు.

మన దేశంలోనూ కదలిక ఉంది. గోవా జీడిపండుతో చేసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. అది బట్టీ సరుకు, దాని జోలికి నేను వెళ్ళను. అయితే పులియకముందు రసాన్ని నీరో అని అక్కడ ఎండాకాలంలో చల్లగా తాగుతారు, దాని జోలికి మనమూ వెళ్ళొచ్చు. కేరళ 2022లో జీడిపండు, పనస, అరటి లాంటి పంటల నుంచి తక్కువ ఘాటు వైను చేసే చిన్న యూనిట్లకి నిబంధనలు చేసింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాని గిరిజన స్వయం సహాయక సంఘాలే చేసి అమ్మేలా విధానం తెచ్చింది. మన దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి, జీలుగు నీరా మీద చాలాకాలంగా పని జరుగుతోంది. జీడికి బాపట్లలో పరిశోధన ఉంది. విద్యకి కొరత లేదు.

ఇక ఆడవాళ్ళ మాట. ఈ సంగతి మా ఇంట్లో ఎత్తగానే మా ఆవిడ, "ఉన్న తాగుడు చాలక ఇంకోటి నేర్పుతావా?" అంది. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేసేవాడు ఊళ్ళో ఉండడానికి పనికిరాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, ఇవన్నీ కూలి డబ్బు ఇంటికి చేరకపోవడం నుంచి పుట్టాయి. మా తోటలో గింజ ఏరే అమ్మల్లో ఆ బాధ పడనివాళ్ళు తక్కువ. దీనికి నా దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానం లేదు. ఒకటి మాత్రం గమనించాను. కొనుక్కొని తాగేదాంతో ఇంట్లో డబ్బు బయటికి పోతుంది, చేసి అమ్మేదాంతో బయటి డబ్బు లోపలికి వస్తుంది. అమ్మకం ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. మగాళ్ళ చేతిలో ఉంటే మా ఆవిడ భయమే నిజమవుతుంది. గింజ ఏరే ఆడవాళ్ళ సంఘం చేతిలోనే లైసెన్సు, లెక్క, తాళం ఉండాలి. వాళ్ళు వద్దంటే ఆ ఊళ్ళో వద్దు.

ఈ "వద్దు" అనే హక్కు కాగితం మీద ఇప్పటికే ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల నిషేధం, నియంత్రణ విషయంలో గ్రామసభకి, పంచాయతీకి అధికారం ఉండాలంటోంది. మన రాష్ట్రం 2011లో నియమాలూ చేసింది. ఇన్నేళ్ళూ ఆ అధికారం దుకాణం ఎక్కడ పెట్టాలన్నదాని చుట్టూనే తిరిగింది. బట్టీ లేకుండా పండురసంతో చేసే తక్కువ ఘాటు పానీయానికి సర్కారు విడిగా ఒక చిన్న పరిమితి పెట్టి, అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది గ్రామసభకి వదలాలి. నా భయం ఇంకొకటుంది. రేపు కేరళని చూసి మన సర్కారు కూడా గేటు తెరిస్తే, లక్షలు ఫీజు కట్టగల కంపెనీ ముందు దూరుతుంది. పండు కిలోకి ఇంతని చెప్పి లారీ పంపిస్తుంది. గింజకి పట్టిన గతే పండుకీ పడుతుంది. 1879 పాటదారు కొత్త చొక్కా తొడుక్కొని వచ్చినట్టే. అందుకే గేటు తెరిచేలోపే పని మన చేతికి రావాలి.

ఆ పని రసంతో మొదలవుతుంది, దానికి లైసెన్సు భయం లేదు. రాలిన పండు అదే పూట ఏరాలి, నిన్నటిది వద్దు. గింజ తీసేటప్పుడు పెంకు నలిగితే జీడి తగిలి చెయ్యి పొక్కుతుంది, రసంలో పడితే నోరు కూడా. కడిగి, దంచి, గుడ్డలో పిండాలి. ఇనప పాత్ర, రాగి పాత్ర దగ్గరికి రానీయొద్దు, స్టీలుగానీ గాజుగానీ వాడండి. గంజి కలిపి తేర్చిన రసం ఆ రోజే తాగెయ్యాలి, లేకపోతే వేడిచేసి కాగబెట్టిన సీసాల్లో పోసి బిగించాలి. సిరప్ చేసుకునేవాళ్ళు చక్కెర, నిలవ మందు మోతాదులు ఊహమీద వెయ్యకుండా పందిరిమామిడి వెళ్ళి అడగండి. వెనిగర్ చేద్దామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. రసం మత్తు దశ దాటితేగానీ వెనిగర్ కాదు, కాబట్టి ముందు ఎక్సైజువాళ్ళని అడిగే మొదలుపెట్టండి.

పోయిన శివరాత్రి తర్వాత మా ఆవిడా, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి రెండు బుట్టల పండు పిండారు. గంజి సరిపోక మొదటి బిందె వగరుగానే ఉండిపోయింది. రెండోది బాగా తేరింది. సంతరోజు నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి అమ్మితే మధ్యాహ్నం దాటకుండా బిందె ఖాళీ. కొండరెడ్డి తాత ఒక గ్లాసు తాగి, "బాగుంది గానీ, ఇది రేపటిదాకా ఉంచితే ఇంకా బాగుంటది" అన్నాడు. మా ఆవిడ ఆయన చేతిలో గ్లాసు లాక్కుంది. వచ్చే గ్రామసభలో ఈ సంగతి ఎత్తుతానంటే, తనూ వస్తానంది, వద్దని చెప్పడానికట. రమ్మన్నాను.